కొండ చలికి దుప్పటి

ముగ్గురూ రెండు రోజులు ఉండి రావడానికి నల్లమల కొండల్లో చెక్క గుడిసె కిరాయికి దొరికిందని సింధూజ నల్గొండ నుంచి ఫోన్ చేసిన రోజే బాపు బిక్షం టార్చిలైటు కొనుక్కొచ్చాడు. అమ్మ ఆండాళు మాత్రం, "మగ్గం మీద పడుగు ఎక్కించిన. గా నేత అయ్యేదాక నేను ఏడికీ రాను," అని తేల్చేసింది.

అమ్మ లేకుండా పోవడానికి సింధూజకు మనసు ఒప్పలేదు. శనివారం సొంతూరు మోత్కూరులో బస్సు దిగుతూనే, ఆఖరిసారి అడిగి చూద్దాం, కాదంటే గుడిసె వద్దని చెప్పేద్దాం అనుకుంది.

ఇంటికొచ్చి చూస్తే మగ్గం మీద ఎప్పుడూ ఉండే పట్టుచీర లేదు. ఎర్ర అంచుతో ముతక నూలు దుప్పటి ఉంది. పక్కన అలాంటివే రెండు మడతపెట్టి ఉన్నాయి.

"గివేందమ్మా?"

"కొండ మీద చలి పెడ్తదని నువ్వే అంటివి గదనే! బజారు దుప్పట్లు ఆగుతయా?"

"మరి రానంటివి?"

"అయ్యేదాక రానన్న. గిది నాదే, ఆఖరుది."

"నాది జర పొడుగ్గ నేసినవా? కాళ్లు బయటికొస్తయి!" వాకిట్లోంచి బాపు అరిచాడు.

"నీ కాళ్లే ముడుచుకో!" అంది ఆండాళు, పడుగు దారాల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూ.

సింధూజ నవ్వుకుంటూ సంచి పక్కన పడేసి, నాడెలోకి నూలు కండెలు చుట్టడానికి రాట్నం ముందు కూర్చుంది.