కోసిన చుట్టున్నర

నేను ఒక ఉక్కు స్ప్రింగును. చిటికెన వేలంత లావు కడ్డీని ఎర్రగా కాల్చి, ఎనిమిది చుట్లు చుట్టి, ఆ వేడి మీదే నూనెలో ముంచారు. ఆ ముంచడంతో నాకొక స్వభావం వచ్చింది. నొక్కితే లొంగుతాను, వదిలితే లేస్తాను. నాతోపాటు నాలాంటిదే మరొకటి పుట్టింది. మాది జంట. నేనెప్పుడూ ఎడమ పక్క, అది కుడి పక్క.

మొదట మమ్మల్ని ఒక స్కూలు వ్యాను కింద బిగించారు. పన్నెండు మంది పట్టే వ్యాను. ఇరవై ఇద్దరు ఎక్కేవారు. పెద్దవాళ్లు బరువు దించి కూర్చుంటారు, పిల్లలు కూర్చున్నా బరువు నిలవదు. పద్నాలుగేళ్లు అలా గెంతుతూ మోశాం. తర్వాత వ్యాను అడుగు తుప్పుపట్టి ఊడింది. మేం పలాసలో ఒక పాత ఇనుము కొట్టు చేరాం. అక్కడ రెండు వానాకాలాలు గడిచాయి. ఏ బరువూ లేని స్ప్రింగుకు కాలం కదలదు.

ఒకరోజు కూర్మయ్య వచ్చాడు. ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య ఊరు. మోటార్లు బాగుచేస్తాడు, వెల్డింగు చేస్తాడు. మాట తక్కువ. కొట్టులో ఉన్న స్ప్రింగుల్ని జంటలుగా నిలబెట్టి, మీద చెక్క వేసి, దాని మీద తానెక్కి మోకాళ్లు మెల్లగా వంచి చూశాడు. నాలుగు జంటలు పక్కకు నెట్టాడు. మా మీద చాలాసేపు నిలబడ్డాడు. ఏ బండికని కొట్టువాడు అడిగాడు.

"బండికి కాదు. మా ఇంటిదానికి," అన్నాడు కూర్మయ్య.

కొట్టువాడు నవ్వాడు. కూర్మయ్య నవ్వలేదు.

ఆయన భార్య దమయంతికి కిడ్నీలు రెండూ పోయాయి. ఆ ప్రాంతంలో ఆ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు, ఎప్పటి నుంచని మాత్రం అడుగుతారు. వారానికి రెండుసార్లు పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లి రక్తం కడిగించుకోవాలి. ఆ జబ్బు ఎముకల్ని కూడా తింటుంది. ఆటోలో ప్రతి గోతికీ ఆమె నడుము విరిగినట్టయ్యేది. అందుకని కూర్మయ్య ఒక పాత ఫియట్ కారు కొన్నాడు. దాని వెనక బరువు మోసే కమాను పట్టీలు ఒకదానికొకటి తుప్పుతో అతుక్కుపోయి చెక్కలా ఉన్నాయి. ఆటోయే నయమనిపించింది.

దమయంతి తమ్ముడు ఉమాపతికి పలాసలో లేత్ మిషను ఉంది. బావా బావమరుదులు ఎనిమిది రోజులు కూర్చున్నారు. ఉమాపతి ఇనప గొట్టానికి బయట మరలు కోశాడు. ఆ గొట్టాన్ని షాకబ్జార్బరుకు తొడిగి, కింద తిరిగే రింగు పెట్టి, దాని మీద నన్ను నిలిపి, పైన మూత బిగించారు. రింగు పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. ఇరుసు పక్కకు జరక్కుండా కమాను కట్టలో ఒక్క పట్టీ ఉంచి మిగతావి తీసేశారు. పైకొస కోసం కారు అడుగు చట్రం చాసీకి కొత్త ఇనుము అతికించారు. కూర్మయ్య ఒక్కో అతుకునూ సుత్తితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"అక్కకి కారు కడతన్నావా, ఉయ్యాల కడతన్నావా బావా?" అన్నాడు ఉమాపతి.

కూర్మయ్య మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

మొదటి రోజు దమయంతి వెనక సీటులో నా వైపే కూర్చుంది. ఊరు దాటకముందే నిద్రపోయింది. నాకు ఆమె బరువు తెలుసు. వెళ్లేటప్పుడు ఒంట్లో నీరు నిండి బరువుగా ఉండేది. వచ్చేటప్పుడు రెండు మూడు కిలోలు తేలిక. డాక్టరు కాగితం మీద రాసుకునేది నేను రాయకుండానే తెలుసుకునేదాన్ని.

కూర్మయ్య మారిపోయాడు. ఆసుపత్రి దగ్గర కూర్చున్నవాళ్లను పిలిచి, కారు వెనక భాగం నొక్కి చూడమనేవాడు. ఒక్కొక్కరూ వచ్చి అరచేత్తో నొక్కి మెత్తగా ఉందనేవారు. మనుషులు బండిని చేత్తో నొక్కి చూస్తారు, ఎక్కేది మాత్రం నడుముతో. దమయంతి బల్ల మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉండేది. ఆయన నోట అన్ని మాటలు ఆమె పెళ్లయ్యాక విని ఉండదు.

అయితే మా వల్ల కారు వెనక బాగా ఎత్తయింది. ఆమె పాదాలు వాచి ఉండేవి. ఒక గురువారం ఆసుపత్రి గుమ్మం ముందు ఎక్కబోయి కాలు జారి మోకాళ్ల మీద పడింది. అందరూ చూస్తుండగా కూర్మయ్య పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. ఇల్లు చేరేదాకా ఆమె ముఖం మీంచి కొంగు తీయలేదు.

రింగు అప్పటికే అడుగంటా దిగి ఉంది. మర్నాడు లేత్ షాపు సెలవు. కూర్మయ్య ఎవర్నీ అడగలేదు. మా ఇద్దర్నీ ఊడదీసి, సుద్దముక్కతో గీత గీసి, గ్రైండరుతో చెరో చుట్టున్నర కోసేశాడు. ఎత్తు తగ్గుతుంది, మిగతాదంతా అలాగే ఉంటుంది అనుకున్నాడు. ఇనుముతో ముప్పై ఏళ్లు బతికిన మనిషే. కానీ స్ప్రింగు సంగతి వేరు. ప్రతి చుట్టూ కాస్త కాస్త లొంగితేనే నేను మెత్తన. లొంగే చుట్లు తగ్గితే నేను గట్టిపడతాను. పైగా పొట్టిదాన్నయ్యాను. గోతిలో పడితే కిందికి దిగడానికి చోటు లేక, ఇరుసు పైకొచ్చి చాసీకి తగిలేది. ఆ దెబ్బ నేరుగా సీటు మీదికి.

కారు దిగింది. దమయంతి తనంతట తాను ఎక్కింది. దారిలో ఆయన వెనక్కి తిరక్కుండానే ఎలా ఉందని అడిగాడు.

"మెత్తగుంది మావా," అంది.

అప్పుడే ఇరుసు తగిలింది. ఆమె తలుపు పిడి పట్టుకున్న పట్టు నా దాకా వచ్చింది. ముందు సీటు రెండు ఇరుసుల మధ్య ఉంటుంది, అక్కడికి ఆ దెబ్బ చేరదు. నన్ను చేసినవాళ్లు నాకు నోరు పెట్టలేదు.

నెల తిరిగేసరికి ఆమె ఒక వారం జ్వరమంది. ఇంకో వారం నీరసమంది. పోనీ వచ్చే సోమవారం వెళ్దామంది. రెండు నెలల్లో ఏడుసార్లు తప్పింది. డాక్టరు కూర్మయ్యను పిలిచి, ఇలాగైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని కోప్పడ్డాడు. ఆశ వదిలేసుకుందనుకున్నాడు కూర్మయ్య. ఆరోజు కారు పక్కన నిలబెట్టి అడిగాడు, "నీకు బతకాలని నేదేటే?" అని. ఆమె తలుపు తీసింది. ఎక్కి కూర్చుంది.

తర్వాత కొన్నాళ్లకు ఆయనకు వెల్డింగు మంట కళ్లకు తగిలింది. తెల్లారేసరికి కళ్లు తెరవలేకపోయాడు. ఉమాపతి వచ్చి, ఆయన కళ్లకు తడిగుడ్డ కట్టి, వెనక సీటులో కూర్చోబెట్టి ఆసుపత్రికి బయలుదేరాడు. దమయంతి ఇంట్లోనే ఉంది. ఆమె కూర్చునే చోటే కూర్మయ్య కూర్చున్నాడు. పాత బరువు కాదు కాబట్టి నేను వెంటనే పోల్చుకున్నాను.

మొదటి గోతికి సర్దుకుని కూర్చున్నాడు. రెండోదానికి ఊపిరి పట్టాడు. మూడోదానికి అడిగాడు.

"ఏటది తగిల్తంది ఉమాపతీ?"

"ఇరుసు బావా."

"ఎప్పుడూ తగుల్తాదా?"

"నువ్వు ముందర కూకుంటావు. నీకు తెల్దు," అన్నాడు ఉమాపతి. "అక్క సెప్పొద్దంది."

కూర్మయ్య చెయ్యి తలుపు పిడి కోసం తడుముకుంది. అక్కడ రెక్సిన్ నాలుగు వేళ్ల మేర చిరిగి, లోపలి స్పంజి బయటికొచ్చి ఉంది. వేళ్లు అక్కడే ఆగాయి. ఉమాపతి బండి నెమ్మది చేశాడు.

"మెల్లగా పోకు," అన్నాడు కూర్మయ్య. "నేనెల్లినట్టే ఎల్లు."

ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ ఆయన ఏ పిడీ పట్టుకోలేదు.

ఇంటికి రాగానే కారు కింద దూరాడు. కళ్లు ఇంకా తెరవలేడు, చేతులతో తడుముతూ నట్లు విప్పాడు. రేపు తియ్యొచ్చు కదా అని దమయంతి మంచం మీంచి అంది. ఆయన ఇంకో నట్టు విప్పి, కింద నుంచే అన్నాడు.

"బతకాలని నేదా అని తిట్టినాను నిన్ను."

"తిట్టినావులే," అంది ఆమె. "లేసి కూడు తిను."

మమ్మల్ని ఉమాపతి షాపులో మూలన పడేశారు. మూడోరోజుకల్లా మా చోట్లోకి ఎక్కడివో పొడుగాటి స్ప్రింగులు వెళ్లాయి. ఆమె ఎక్కడానికి కూర్మయ్య చెక్కతో ఒక మెట్టు చేశాడు. అది చేయడానికి ఆయనకు గంట కూడా పట్టలేదు. దమయంతి ఆ మెట్టెక్కింది మూడుసార్లే. నాలుగోసారి ఊపిరి ఆడక అంబులెన్సులో తీసుకుపోయారు. తిరిగి రాలేదు.

నా జంటను ఎవరో పట్టుకుపోయారు. నా మీద ఇప్పుడు ఇనప రజను తప్ప బరువు లేదు. షాపుకొచ్చేవాళ్లు బావ ఎలా ఉన్నాడని ఉమాపతిని అడుగుతుంటారు. ఉమాపతి మిషను ఆపి, ప్రతివాళ్లకూ ఒకే సంగతి చెబుతాడు. కొత్త స్ప్రింగులు బిగించిన రోజు అతనూ కారులో ఉన్నాడట. సగం దారిలో, రోడ్డు బాగా పాడైన చోట, అక్క కళ్లు మూసుకునే అడిగిందట.

"ఆగిపోనామేటి మావా?"

"నేదే. ఎల్తన్నాం," అన్నాడట బావ.

ఆ ప్రయాణంలో నేను లేను.