వీధి వైపు తిప్పిన బొమ్మ

ప్రతి గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కత్తెరమ్మ పెద్ద కత్తెర, చిన్న కత్తెర, ఒక ఆకురాయి, పాత గుడ్డ సంచీలో వేసుకుని మెట్ల కింది తన కొట్టులోంచి బయటికొచ్చేది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, "అరగంటలో వస్తా వదినా" అని ఎదురు కొట్లో బొత్తాలూ జిప్పులూ అమ్మే వదినకి చెప్పేది. అరగంటలో వచ్చింది ఒక్కనాడూ లేదు. వీధిలో ఇరవై రెండు బట్టల షాపులు. షాపుకి రెండో మూడో బొమ్మలు. బొమ్మకి పది వేళ్ళు. ఎంతసేపు పడుతుందో మీరే ఆలోచించండి. కాలిగోళ్ళు బూట్లలో ఉంటాయి గనక వాటికి నెలకోసారి చాలు.

ఆ వీధిలో అంతే. వీధి వైపు తిరిగి నిలబడ్డ బట్టల బొమ్మకి గోళ్ళూ జుట్టూ పెరుగుతాయి. గోడ వైపు తిప్పి పెడితే పెరగవు. మిగతా వీధుల్లో ఎండకి బొమ్మల రంగు వెలుస్తుంది, ఇక్కడ గోళ్ళు పెరుగుతాయి. కొత్తగా షాపు పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు నీళ్ళ సంగతీ కరెంటు సంగతీ కనుక్కుని, "మరి గోళ్ళు తియ్యడానికి ఎవరొస్తారు?" అని కూడా అడిగేవాళ్ళు. అందరూ మెట్ల కిందికి వేలు చూపించేవాళ్ళు.

కత్తెరమ్మకి ఆ పనంటే పరమ రోత. పదునైన కత్తెర వాళ్ళింట్లోనే ఉందని, పెళ్ళయి వచ్చిన ఏడాదే అత్తగారు అంటగట్టిన పని అది. గట్టి ప్లాస్టిక్ వేలు చివర గోరు మాత్రం మెత్తగా, కాస్త వెచ్చగా తగిలేది. కత్తిరించిన ముక్క ఎగిరి పెదవి మీద పడ్డ రోజు ఆమె మర్నాటిదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అందుకే తన కొట్లోకి తలా చేతులూ లేని మొండెం బొమ్మని ఏరి తెచ్చుకుంది. అది చాలదన్నట్టు దాన్ని గోడ వైపు తిప్పి పెట్టింది.

"దానికి మొహమే లేదు కదే, ఎటు తిప్పితే ఏం?" అని వదిన నవ్వేది.

"రొమ్ముందిగా. వీధిని చూడ్డానికి అది చాలు వీటికి."

తర్వాత ఊరవతల అద్దాల అంగడి వచ్చింది. అందులో చల్లగా ఉంటుంది, మెట్లు వాటంతటవే పైకి వెళతాయి. జనం అటు పోయారు. వీధిలో షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పోయేవాళ్ళు బట్టలు పట్టుకుపోయారు గానీ బొమ్మల్ని ఎవరు మోస్తారు? షట్టరు దించి, తాళంచెవి కత్తెరమ్మ చేతిలో పెట్టి, "గురువారం గురువారం కాస్త చూస్తుండమ్మా" అని పోయారు.

కత్తెరమ్మ చూడలేదు. నిజం చెప్పాలంటే ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది. మూసిన షాపులోకి తొంగి చూసేదెవరు, అడిగేదెవరు? తాళంచెవులు మేకుకి తగిలించి వదిలేసింది. అలా మూడేళ్ళు గడిచాయి.

మొదట చప్పుడు మొదలైంది. షట్టరు వెనకాల పెరిగిన గోళ్ళు రేకుకి తగిలి, లారీ పోయినప్పుడల్లా గర్రుమని గీసుకునేవి. తర్వాత షట్టరు కింది సందులోంచి జుట్టు బయటికొచ్చింది. నల్లగా, జిడ్డుగా కాలిబాట మీదికి పాకి, కాలవలోకి దిగింది. అందులో ఏం చిక్కుకోలేదని! నమిలి ఉమ్మిన బబుల్‌గమ్ములు, టీ కప్పులు, బొద్దింక గుడ్లు, ఓ చచ్చిన ఎలుక. కాలవ పూడిపోయి మురుగు మెట్ల మీదికొచ్చింది. ఇంకా తెరిచి ఉన్న ఒకటి రెండు షాపులవాళ్ళు కూడా తమ చెత్త తెచ్చి మూసిన షాపుల ముందు పోసేవాళ్ళు. పైగా ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, "ఛీ ఛీ, ఎంత పాడైపోయింది వీధి!" అనేవాళ్ళు. జుట్టు కంటే ఆ మాటే ఎక్కువ కంపు కొట్టేది కత్తెరమ్మకి. అయినా తన మేకుకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి కేసి చూసి నోరు మూసుకునేది.

ఒకరోజు వర్తక సంఘం అధ్యక్షుడు మెట్ల కిందికి వంగి వచ్చాడు. ఒకప్పుడు సూట్ల షాపు నడిపినాయన. షాపు పోయినా పదవి మాత్రం వదల్లేదు.

"అమ్మా, నీ కత్తెర ఓ వారం నాకిచ్చెయ్యి."

"మీకెందుకండీ? తాడు కూడా కత్తిరించడం రాదు మీకు."

"శుక్రవారం నగరసభ నుంచి ఆఫీసరమ్మ వస్తోంది. మూడేళ్ళు వాడకంలో లేని వీధి అని ఆవిడ రాసిందనుకో, మొత్తం కూల్చేసి కార్లు నిలిపే భవనం కడతారు. షాపుల ఓనర్లందరికీ అందులో వాటా వస్తుంది. వీధి ఎంత రోతగా ఉంటే అంత మంచిది మనకి. ఈ లోపల నువ్వెళ్ళి శుభ్రంగా కత్తిరించి కూర్చుంటే కొంప మునుగుతుంది."

"మరి నేనో? నా మెట్లకి ఓనరు నేను కాదే!"

"నీదో షాపా అమ్మా? మెట్ల కింద చీపురు పెట్టుకునే చోటు" అని నవ్వి, రెండు కత్తెరలూ జేబులో వేసుకుని పోయాడు. పోతూ పోతూ తన షట్టరు ముందున్న జుట్టుని దాటలేక, బూటు అంచుతో పక్క షాపు ముందుకి తోశాడు.

కత్తెరమ్మ నలభై ఏళ్ళు పాత చొక్కాల కాలర్లు తిరగేసి, వదులైన నడుములు బిగించి బతికింది ఆ మెట్ల కిందే. ఆ చోటు పోతే ఆమె మిషను ఎక్కడ పెట్టుకోవాలి? మర్నాడు పొద్దున్నే గుత్తి తీసుకుని బయల్దేరింది. వదిన బకెట్టుతో వెంటపడింది.

"కొయ్యొద్దన్నాడు కదే ఆయన!"

"కొయ్యొద్దన్నాడు. కడగొద్దనలేదు."

మొదటి షట్టరు ఎత్తగానే ఇద్దరూ వెనక్కి దూకారు. లోపల మూరెడు పొడుగు గోళ్ళు పసుపుపచ్చగా వంకర్లు తిరిగి, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. జుట్టు నేలంతా కమ్మేసింది. అందులోంచి ఏదో పరిగెత్తింది. వదిన గుమ్మం పక్కకి పోయి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్ళీ వచ్చింది.

"పొద్దున తాగిన టీ పోయింది. ఇక భయం లేదు, పద."

మూడు రోజులు సబ్బునీళ్ళతో ఉతికారు. జుట్టుని దారప్పోగుల్లా చిక్కు తీశారు. కత్తెరమ్మ ఊపిరి బిగబట్టి చేసింది. వేళ్ళకి చుట్టుకున్న ప్రతి వెంట్రుకనీ తిట్టుకుంటూ చేసింది. కొయ్యడానికి వీల్లేదు గనక జడలల్లి, చుట్టలు చుట్టి, బొమ్మల కాళ్ళ దగ్గర పెట్టింది. కాలవ పారింది. ఓ షాపు ముందు మూడేళ్ళుగా కనపడని నీలం పలకలు బయటపడ్డాయి.

శుక్రవారం ఆఫీసరమ్మ వచ్చింది. ముక్కుకి ముసుగు, చేతిలో టేపు, అట్టకి తగిలించిన కాగితం. అధ్యక్షుడు వీధి మొదట్లోనే ఎదురెళ్ళాడు. కడిగిన వీధిని చూసి మొహం మాడ్చుకున్నా వెంటనే సర్దుకుని, "లోపల చూడండి మేడం, ఈ మూసినవాటిలో ఒక్క షాపులోనూ వ్యాపారం లేదు. మూడేళ్ళు! ఒక్క గోరు కూడా తీసినవాడు లేడు" అన్నాడు గొప్పగా.

"నిజంగానే తియ్యలేదా?"

"ఒట్టు మేడం. కత్తెరలు నా దగ్గరే ఉన్నాయి." జేబులోంచి తీసి చూపించాడు కూడా.

ఆఫీసరమ్మ ఓ బొమ్మ చెయ్యి పట్టుకుని గోరు కొలిచింది. జడ విప్పించి మొదలు నుంచి చివరిదాకా కొలిచింది. కుదుళ్ళు వేలితో తడిమి చూసింది. మూసిన అన్ని షాపుల్లోనూ అలాగే చేసింది. చివరికి కాగితం మీద రాస్తూ అంది. "మూడేళ్ళుగా ఆగకుండా పెరుగుతున్నాయి. సరుకు పెరుగుతున్నంత కాలం షాపు వాడకంలో ఉన్నట్టే. రూలు అది. కత్తిరించి ఉంటే నాకు తెలిసేది కాదు. మీరు దాచి ఉంచడం మంచిదైంది."

అధ్యక్షుడి చేతిలో కత్తెరలు అలాగే ఉండిపోయాయి. వదిన వెళ్ళి నెమ్మదిగా లాక్కుంది.

ఆఫీసరమ్మ ఆఖరికి మెట్ల కిందికి వంగింది. "దీనికేం పెరుగుతోంది?"

గోడ వైపు తిరిగిన మొండాన్ని చూసింది. బోడి మెడ, నున్నటి భుజాలు.

"ఏమీ లేదండీ" అంది కత్తెరమ్మ.

"అయితే ఇది ఖాళీ చోటు కింద రాయాలి. వచ్చే శుక్రవారం ఖాళీ చేయించే ముద్ర వెయ్యడానికొస్తాను."

ఆ వారంలోనే వీధికి జీవం రావడం మొదలైంది. జడలు చూసిన ఓ విగ్గులావిడ పరిగెత్తుకొచ్చి, జుట్టంతా తనకే కావాలని నాలుగు షాపుల ముందు బతిమాలింది. జబ్బు చేసి జుట్టు ఊడినవాళ్ళకి ఇంత పొడుగు జడలు ఎక్కడా దొరకవంది. దువ్వెనలవాడు ఒకడు దిగాడు. రిబ్బన్లమ్మే అక్కాచెల్లెళ్ళు నీలం పలకల షాపు అద్దెకడిగారు. పోయిన ఓనర్లు తిరిగొచ్చి, "మా బొమ్మల జుట్టే మొదటినుంచీ ఒత్తు" అని ఒకరినొకరు తోసుకున్నారు. ఉతికిందెవరో ఒక్కరికీ గుర్తు లేదు.

అధ్యక్షుడు మళ్ళీ మెట్ల కిందికి వంగాడు. "నేనెప్పుడూ చెబుతూనే ఉన్నాగా అమ్మా, ఈ వీధికి భవిష్యత్తుందని. నువ్వు ఖాళీ చేశాక ఇక్కడ జనరేటరు పెట్టిస్తా. చక్కగా సరిపోతుంది." కాలితో చోటు కొలుచుకుని వెళ్ళాడు.

"ఆ బొమ్మని ఇటు తిప్పవే" అంది వదిన.

"నా వల్ల కాదు. మిషను ముందు కూర్చుంటే ఎదురుగా అదే. కుట్టుకోనా, దాన్ని చూసి కక్కనా?"

"తిప్పకపోతే ఎక్కడ కుడతావు, నా నెత్తి మీదా?"

కత్తెరమ్మ మిషను మీద దుప్పటి కప్పింది. తర్వాత లేచి, కళ్ళు మూసుకుని, మొండాన్ని భుజాలు పట్టుకుని వీధి వైపు తిప్పింది.

మంగళవారం ఏమీ లేదు. బుధవారమూ లేదు. గురువారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తలకాయ ఉండాల్సిన చోట, బల్లపరుపుగా కోసేసినట్టుండే ఆ మెడ మీద, సన్నగా మూడు వెంట్రుకలు నిలబడి ఉన్నాయి. సాయంత్రానికి మెడంతా గరుకు తేలింది. తల లేదు, మొహం లేదు, మెడలోంచి నేరుగా జుట్టు! ఇంతకంటే రోత ఆమె తన జన్మలో చూడలేదు.  చెయ్యి అలవాటుగా కత్తెర మీదికి పోయింది.

శుక్రవారం ఆఫీసరమ్మ వంగి చూసి, వేలితో తడిమి, ముద్ర ఎత్తకుండానే కాగితం మడిచింది. "దీన్ని కత్తిరించకండి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి గురువారం కత్తెరమ్మ సంచీలో కత్తెరలతో పాటు ఓ దువ్వెన కూడా చేరింది. వీధంతా తిరిగి వచ్చాక, చివర్లో, మొహం పక్కకి తిప్పుకుని, పళ్ళు బిగబట్టి, ఆ మెడని దువ్వుతుంది.

"అలవాటైందా?" అని అడుగుతుంది వదిన ఎదురు కొట్లోంచి.

"ఛీ" అంటుంది కత్తెరమ్మ, పాపిడి సరిచేస్తూ.