ఆరేళ్ళ దుబాసి

బోర్ల దొర పెళ్ళాం బిడ్డలతో ఎమ్మిగనూరులోనే కాపురం పెడతాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. డెబ్బై రెండు కరువు తర్వాత ఆలూరు, పత్తికొండ పక్క పల్లెల్లో నీళ్ళ బోర్లు దించడానికి డెన్మార్కు దేశం నుంచి వచ్చినవాడాయన. ఒంటిగాడైతే కర్నూల్లో ఏ బంగళాలోనో ఉండి జీపులో తిరిగేవాడు. ఈయన మాత్రం భార్యనూ, నాలుగేళ్ళ కూతుర్నీ, ఇంకా నడక రాని కొడుకునూ వెంటబెట్టుకొని వచ్చి, ఆదోని రోడ్డులో ఒక పత్తి వ్యాపారి కట్టించి వదిలేసిన ఇంట్లో దిగాడు.

ఆ పిల్లల్ని చూసుకోవడానికి కుదిరిన మనిషి హనుమమ్మ. నేతగాడు ఆదెప్ప భార్య. మొగుడి మగ్గానికి ముప్ఫై ఏళ్ళు కండెలు చుట్టి కుడిభుజం పడిపోతే, ఇక రాట్నం తిప్పలేక ఆయా పనికి ఒప్పుకుంది. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు, డెన్మార్కు భాష సంగతి సరేసరి. దొరసానికి తెలుగు రాదు. నీళ్ళు, పాలు, చాలు, మంచిది అనే నాలుగు మాటలు నేర్చుకొని, చదువు పూర్తయినట్టే అక్కడితో ఆగిపోయింది.

దొరసాని పేరు ఇంగర్. ఎమ్మిగనూరు ఆమెను ఇంగరమ్మ చేసేసింది. కూతురు కిర్‌స్టెన్ అట, అంత పేరు ఎవరి నోటికి తిరుగుతుంది, వారం తిరిగేసరికి కిష్టమ్మ అయింది. పిల్లవాడు ఓలె. వాణ్ణి హనుమమ్మ ఓబులేసు అని పిలిచింది, వాడు పలికాడు. ఆ ఇంట్లో అందరికంటే ముందు తెలుగు నోరు తెరిచింది కిష్టమ్మ. ఆరు నెలలకే 'యాడికి పోతాండావు అవ్వా' అంటూ హనుమమ్మ కొంగు పట్టుకొని తిరిగింది. ఇక అప్పటినుంచి ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాటలన్నీ ఆ పిల్ల నోటిమీదుగానే నడిచాయి. పాలవాడితో బేరం, చాకలితో తగువు, అన్నీ ఆ దుబాసి తీర్చాల్సిందే.

ఇంగరమ్మ మంచి తల్లి, అందులో అబద్ధం లేదు. నీళ్ళు ఇరవై నిమిషాలు మరగనిచ్చేది. పొద్దున్నే కూతుర్ని కూర్చోబెట్టి పోస్టులో వచ్చిన పుస్తకాలతో చదువు చెప్పేది. ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి, గంటకోసారి తానే నీళ్ళు చల్లేది. పాపం ఎంత కష్టపడి రొట్టె కాల్చినా పిల్లలు ముఖం తిప్పుకొనేవాళ్ళు. హనుమమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని గిన్నె కనిపిస్తే మటుకు పోట్లాడుకొని తినేవాళ్ళు. ఇంగరమ్మ మొదట అలిగింది, తర్వాత తానూ ఒక చెంచా తీసుకొని పక్కన కూర్చుంది. దేశం కాని దేశంలో ఆ మనిషికి నవ్వడానికైనా ఏడవడానికైనా హనుమమ్మ తప్ప దిక్కులేదు. హనుమమ్మకూ అలాంటి మర్యాద ఇంకో ఇంట్లో దొరికేది కాదు. కూతురు ఆలూరులో కాపురం చేసుకుంటోంది, ఇక ఆమె తన ప్రేమంతా ఈ ఇంటి మీదే పెట్టింది.

దొర సంగతి వేరు. చెడ్డవాడని చెప్పను. నెలకు ఇరవై రోజులు క్యాంపుల్లోనే ఉండేవాడు, వచ్చినప్పుడు పిల్లల్ని భుజాన ఎక్కించుకొనేవాడు. కానీ మొక్కులూ దిష్టులూ అంటే ఆయనకు ఒళ్ళుమంట. ఒకసారి ఓబులేసు బుగ్గన కాటుక చుక్క చూసి, రుమాలు తడిపి తుడిచి, ఇంగరమ్మను గంటసేపు గదమాయించాడు. వాడి జుట్టంటే ఆయనకు ప్రాణం. పసుపుపచ్చని ఉంగరాల జుట్టు, భుజాలదాకా వచ్చింది. నెలనెలా ఫోటో తీసి తన తల్లికి పంపేవాడు. ఆమె కళ్ళారా చూసేదాకా కత్తెర పెట్టకూడదని ఆయన పట్టు.

వాళ్ళు వచ్చిన రెండో ఏడు ఆషాఢంలో ఓబులేసుకు జ్వరం పట్టుకుంది. దొర పత్తికొండ అవతల ఏదో పల్లెలో ఉన్నాడు, కబురు అందే దారి లేదు. బాడుగ కారులో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు సూది వేసి, సాయంత్రందాకా చూద్దామని చెప్పి వెళ్ళిపోయాడు. పిల్లవాడు కళ్ళు తెరవడం లేదు. వరండాలో బెంచీ మీద ఇంగరమ్మ వాడి కాళ్ళు పట్టుకొని రాయిలా కూర్చుంది. హనుమమ్మ చాలాసేపు ఓర్చుకొని, చివరికి కిష్టమ్మను దగ్గరికి లాక్కుంది.

"ఉరుకుంద ఈరన్నకు వీని ఎంటికలు మొక్కుకుందామని మీ అమ్మకు సెప్పు. ఆయప్ప సల్లగ సూస్తాడు."

కిష్టమ్మ చెప్పింది. ఇంగరమ్మ ఏదో అడిగింది. దేవుడికి వెంట్రుకలు ఎందుకని అడుగుతోందట. మనకు ముద్దైనదాన్నే ఇస్తామని హనుమమ్మ జవాబిచ్చింది. ఆ మాట కూతురి నోట విన్నాక ఇంగరమ్మ కొడుకు తలమీద చెయ్యి పెట్టింది. తర్వాత సంచీలోంచి రూపాయి బిళ్ళ తీసింది. బయట కొట్లో పసుపు దొరికింది. హనుమమ్మ తన చీర చెంగు చింపి పసుపులో తడిపి పట్టుకుంటే, అందులో బిళ్ళ పెట్టి ముడి వేసింది ఇంగరమ్మే. తన చేత్తో, గట్టిగా, రెండు ముళ్ళు వేసింది.

పొద్దు వాలేసరికి జ్వరం దిగింది. మందు పనిచేసిందో మొక్కు పనిచేసిందో నేను చెప్పలేను, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ అడగలేదు. ఇంగరమ్మ హనుమమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చింది. దొర వచ్చాక జ్వరం సంగతి చెప్పింది, ముడుపు సంగతి చెప్పలేదు.

శ్రావణం వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి ఉరుకుందకు బస్సుల మీద బస్సులు పోతున్నాయి. మొదటి సోమవారం దాటింది, రెండోదీ దాటింది. హనుమమ్మకు తిండి సయించడం మానేసింది. మొక్కు చెల్లించకుండా మళ్ళీ ఆ పిల్లవాడికి ఒళ్ళు కాలితే ఆ పాపం తనదే అని ఆమె భయం. అడిగినప్పుడల్లా ఇంగరమ్మ తల ఊపేది, వచ్చే వారం అనేది. మూడో సోమవారం హనుమమ్మ పనిలోకి వచ్చేసరికి పిల్లలిద్దరూ స్నానం చేసి, టోపీలు పెట్టుకొని తయారుగా ఉన్నారు. మరిగించిన నీళ్ళ సీసా బల్ల మీద ఉంది. ఇంగరమ్మ మెల్లగా ఏదో చెబుతుంటే కిష్టమ్మ తెలుగులో అంది.

"అమ్మ పొమ్మంటాంది అవ్వా. నన్నూ తోడు పొమ్మనింది. నాయన శుక్రారం దాకా రాడంట. వస్తే తానే సెప్పుకుంటానంటాంది."

గేటు దాకా వచ్చి, ఇంగరమ్మ కొడుకు జుట్టులో ముఖం దాచుకుంది. బస్సు హారను వినబడేదాకా వదల్లేదు.

ఉరుకుందలో జనం కిటకిటలాడుతున్నారు. తెల్లపిల్లల్ని చూడ్డానికి గుంపు మూగింది. ఓబులేసు నీళ్ళు తలమీద పడగానే ఊరు అదిరేలా ఏడ్చాడు, మంగలి కత్తి పని అయిపోయాక తల తడుముకొని, ఏమీ లేదని కనిపెట్టి నవ్వాడు. హనుమమ్మ వాడి గుండుకు చల్లగా గంధం పూసింది, ముడుపు హుండీలో వేయించింది. ఆమె గుండెల మీద నుంచి పెద్ద బండ దిగిపోయింది. తిరుగుదారిలో ఇద్దరు పిల్లలూ ఆమె ఒళ్ళోనే నిద్రపోయారు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి గేటు ముందు జీపు నిలబడి ఉంది. బోరు మిషన్‌లో ఏదో విరిగి, దొర నాలుగు రోజుల ముందే వచ్చేశాడు.

ఆయన కొడుకు గుండు చూశాడు, గంధం చూశాడు. ముఖం కందగడ్డ అయింది. పిల్లవాణ్ణి హనుమమ్మ చంకలోంచి లాక్కున్న తీరుకు వాడు బెదిరిపోయి అవ్వా అవ్వా అని ఆమెకోసమే చేతులు చాపాడు. దానితో దొరకు ఇంకా మండింది. భార్య వైపు తిరిగి ఏదో గట్టిగా అడిగాడు. హనుమమ్మకు భయం వేయలేదు. ఇంగరమ్మ ఉంది కదా, తానే చెప్పుకుంటానంది కదా, ఇప్పుడు చెబుతుంది అనుకొని ఆమె నోటి వైపే చూస్తూ నిలబడింది.

ఇంగరమ్మ చెప్పింది. రెండే రెండు మాటలు, నేల చూస్తూ చెప్పింది. దొర కూతుర్ని ముందుకు తోసి, ఆయాకు చెప్పమని వేలు చూపించాడు. కిష్టమ్మ తల్లిని చూసింది, తండ్రిని చూసింది, చివరికి హనుమమ్మ పాదాల వైపు చూస్తూ అంది.

"అమ్మకు తెలీదంట అవ్వా. నువ్వే మమ్మల్ని సెప్పకుండా పిల్సకపోయినావంట. ఇంక నువ్వు రావద్దంట."

హనుమమ్మ కిష్టమ్మ వైపు తిరిగింది. ఆ పిల్లకు మాటలు నేర్పింది తాను. తనను దొంగను చేసిన మాట తన మాటల్లోనే, తన యాసలోనే, ఆ పసినోటి నుంచి వచ్చింది. ముడి ఎవరు వేసినారు, పొద్దున ఎవరు పంపినారు అని ఆ పిల్లనే అడిగితే నిజం బయటపడేది. అడగబోయింది కూడా. కానీ కిష్టమ్మ గౌను అంచు పిడికిట్లో నలుపుకుంటోంది. తల్లి ఒక పక్క, అవ్వ ఒక పక్క లాగితే ఆ బిడ్డ ఏమైపోతుంది అనిపించి, హనుమమ్మ నోరు మూసుకొని గేటు దాటింది.

ఆ మౌనం ఆమె కొంప ముంచింది. దొర ఇంటి బిడ్డను చెప్పకుండా ఎత్తుకుపోయి గుండు గీయించిందట అని రెండో రోజుకల్లా నేతగాళ్ళ వీధి అంతా అనుకుంది. చాలామంది నవ్వారు, దేవుడి పనే కదా అని వెనకేసుకొచ్చారు కూడా. కానీ నమ్మారు, అదే ఆమెను కాల్చింది. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఆమెను చూసి తమాషాగా బిడ్డల్ని లోపలికి పిలవడం మొదలుపెట్టారు. ఆదెప్ప ఒక్కడే నవ్వలేదు. "ఆయమ్మ భయపడింది, నిన్ను అడ్డం ఏసుకునింది. అంతేమే" అని మళ్ళీ మగ్గం గుంతలోకి దిగాడు. అంతే అనుకోవడం హనుమమ్మకు చేతకాలేదు. ఆసుపత్రి బెంచీ మీద తన మెడ కౌగిలించుకున్న మనిషి ఆ అబద్ధం ఎలా ఆడగలిగిందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. ఆ పని మళ్ళీ కావాలని లేదు. ఎత్తుకుపోలేదు, నేనే పంపాను అని ఇంగరమ్మ ఒక్కసారి అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంగరమ్మే వచ్చింది. జీపు వీధిలో పట్టదు, డ్రైవరు జిలాని బాషా దాన్ని రోడ్డు మీదే ఆపుకొని కూర్చున్నాడు. కూతురి చెయ్యి పట్టుకొని, చంకలో కాగితం పొట్లంతో ఆమె నేతగాళ్ళ వీధి పొడవునా నడిచి వచ్చింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కళ్ళు వాచి ఉన్నాయి, నాలుగు రోజుల్లో మనిషి చిక్కిపోయింది. అరుగు మీద హనుమమ్మ పక్కన కూర్చొని పొట్లం విప్పింది. ఎర్రంచు చీర. హనుమమ్మ చేతులు రెండూ పట్టుకొని గబగబా చాలాసేపు మాట్లాడింది. కిష్టమ్మ వినివిని చెప్పింది. తమ్ముడు అన్నం తినడం లేదట, రాత్రంతా అవ్వ కావాలని ఏడుస్తున్నాడట. తప్పు నాదే అని అవ్వ ఒక్కసారి దొర ముందర అంటే ఆయన మళ్ళీ పనిలో పెట్టుకుంటాడట. అమ్మ ఆయనను ఒప్పించిందట.

హనుమమ్మకు నవ్వు వచ్చింది, వెంటనే కోపం రేగింది. ఇంతదూరం నడిచి వచ్చింది క్షమించమనడానికి కాదు, ఆ అబద్ధం మీద తనచేత వేలిముద్ర వేయించుకోవడానికన్నమాట. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. ఇంగరమ్మ కళ్ళలోకి చూస్తూ, పిల్లతో ఒక్కో మాటా నిలిపి నిలిపి చెప్పింది.

"కిష్టమ్మా, నేను సెప్పేది సెప్పినట్టు సెప్పు మీ అమ్మకు. నేను బిడ్డను ఎత్తకపోలేదు. ఆయమ్మే పంపించింది. ఆ మాట దొర ముందర ఆయమ్మ నోటితో అంటే సాలు. నాకు పనీ వద్దు, సీరా వద్దు. అనకుంటే ఆ గడపలో నేను సచ్చినా కాలు పెట్టను."

వీధి అంతా వింది. ఎదురింటి లక్ష్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకేం, అందరి ముందూ అనేసింది, ఇక ఆ తల్లి ముఖం ఎలా మారుతుందో చూడాలని హనుమమ్మ కళ్ళు తిప్పకుండా కూర్చుంది.

కిష్టమ్మ తల్లి వైపు తిరిగింది. కొంచెం తడబడింది. తర్వాత తన భాషలో చాలా చిన్నగా ఏదో అంది. హనుమమ్మ చెప్పింది ఎంతో, ఆ పిల్ల చెప్పింది అందులో పదోవంతు కూడా లేదు.

ఇంగరమ్మ ముఖం వికసించింది. నాలుగు రోజుల బరువంతా ఒక్కసారి దిగినట్టు నవ్వి, హనుమమ్మ చేతులు ఎత్తి తన చెంపలకు ఆనించుకుంది.

హనుమమ్మ అదిరిపడి పిల్ల భుజం పట్టుకుంది. "యేం సెప్పినావే?"

"నువ్వు వస్తానన్యావని సెప్పినా." కిష్టమ్మ కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు రాకుంటే అమ్మ ఏడుస్తాది అవ్వా."

హనుమమ్మ చెయ్యి జారిపోయింది. ఇంగరమ్మ మోసం చేసిన రోజు ఆమెకు కోపం వచ్చింది, ఆ కోపమే ఇన్నాళ్ళూ ఆమెను నిలబెట్టింది. ఇప్పుడు అదీ రాలేదు. ఆరేళ్ళ బిడ్డ, తాను ఎత్తి పెంచిన బిడ్డ, అమ్మను చూసి నేర్చుకొని తన నోటికాడి మాటను మధ్యదారిలోనే పారేసింది. హనుమమ్మ కొట్టలేదు, తిట్టలేదు. అందరూ చూస్తుండగానే ఏడ్చేసింది.

ఆ ఏడుపు కూడా సంతోషమే అనుకుంది కాబోలు ఇంగరమ్మ. చీరను ఆమె ఒళ్ళో పెట్టి, భుజం నిమిరి, తనకు వచ్చిన తెలుగులోంచి ఒక మాట ఏరుకొని అంది.

"మంచిది. మంచిది."

ఆమెకు జవాబు చెప్పాలంటే హనుమమ్మ మళ్ళీ కిష్టమ్మనే అడగాలి.