ఊరికే వచ్చింది

నిన్న తోమిన బెంచీ కాలినే ఆమె మళ్లీ తోముతోంది. రంగు ఎప్పుడో పోయింది, ఇక చెక్క వంతు. చర్చిలో పాటలు పాడేవాళ్లు ఆమెకి 'గీకుడత్త' అని పేరు పెట్టారు. ఇలాగే గీకితే మేమంతా నించునే పాడాలని ఒక గడుసుపిల్ల ఎదుటే అంది. ఆమె వినబడనట్టే ఉంది. అలా ఉండటం ఆమెకి కొత్త కాదు.

సబ్బునీళ్లకి నాని వేళ్ల సందులు పాలిపోయాయి. మోకాళ్లు కాయలు కాశాయి. అవి ప్రార్థన వల్ల కాశాయనుకుని జనం గౌరవంగా దారి ఇచ్చేవారు. నిజానికి ఆమె మోకాళ్లకి తెలిసింది నేల తుడవటమే.

ఆరాధన మొదలైంది. సిలువ త్యాగానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకి ఎప్పటిలాగే బకెట్ పట్టుకుని వెనక గదిలోకి జారుకుంది. ఎంత పనిమంతురాలో అని అందరూ మెచ్చుకునేవారు. ఆ రొట్టె ముట్టడానికి తను తగదని ఆమె నమ్మకం, ఇంకాస్త తోమితే తగుతుందేమోనని ఆశ. ఆ ఇంకాస్త, జుట్టు నెరిసినా పూర్తి కాలేదు.

ఈసారి పాస్టరుగారే వాచిన కాలు ఈడ్చుకుంటూ, పళ్లెం, చిన్న గ్లాసు పట్టుకుని వచ్చారు. ఎందుకిలా తప్పించుకుంటున్నావని అడిగారు. ఆమె పొడినేలనే కాసేపు తుడిచింది. తర్వాత ఆ నేలకే చెప్పినట్టు చెప్పింది.

"మంచాన పడ్డ మా అత్త మంచినీళ్లడిగిందయ్యగారూ. నిద్ర నటించాను. లేచి చూసేసరికి పోయింది."

ఫరవాలేదంటారని ఎదురుచూసింది. ఆయన అనలేదు.

"తప్పేనమ్మా. నువ్వెంత తోమినా పోదు. తోమితే పోయేదైతే ప్రభువు సిలువ ఎక్కడం దేనికి?"

"మరి నేనేం చెయ్యాలి?"

"చెయ్యాల్సింది ఆయన చేసేశాడు. ఆయన్ని నమ్మినవాళ్లని దేవుడు నీతిమంతులుగా ఎంచుతాడు. నమ్ము. చేతులు తుడుచుకుని తీసుకో."

ఊరికే వచ్చేదాన్ని ఆమె జన్మలో నమ్మలేదు. కూరగాయలమ్మి కొసరు వేస్తే కుళ్లిందేమోనని తిప్పి చూసే రకం. దీన్నీ మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. వంక దొరకలేదు. వంక ఉన్నదల్లా తనలోనే. సిగ్గుతో చెవులు మండుతుండగానే, తగనని తెలిసే, రొట్టె నోట్లో పెట్టుకుంది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగింది.

ఆయన వెళ్లాక బకెట్ బోర్లించి కూర్చుని గోడకి జారగిలబడింది. లోపల పాట ఎత్తుకున్నారు. తుడిచే గుడ్డ చేతికందే దూరంలోనే ఉంది. అందుకోలేదు.

పాట అయ్యాక కోడలు వచ్చి ఇంటికి పోదాం రమ్మని పిలిచింది. భుజం తట్టింది. ఊపిరి లేదు.

ఒళ్లో చిన్న గ్లాసు, అడుగున ఆరీ ఆరని ఎర్రటి చుక్క.