దంపతులు కావలెను

"ఫర్ ఏదే? ఫర్ మింగేశావా?" అన్నాడు ఆయన, కంచం ముందు కూర్చునే. ఆమె మంచినీళ్ళ చెంబుతో అలాగే నిలబడిపోయింది. ఇంగ్లీషు పాఠంలో వాట్ ఆర్ యూ వెయిటింగ్ అని ఆపేసిందట, చివర ఫర్ రాలేదట. అత్తగారు కిసుక్కున నవ్వింది. "పోనీలేరా, తిండి చాలక అదీ మింగేసి ఉంటుంది."

మింగిందమ్మా, మింగింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇలాంటి మాటలే మింగింది.

ఈ పాఠాలన్నీ ఎందుకంటే, కొండమీద గెస్ట్‌హౌస్‌కి దంపతులు కావాలని పేపర్లో పడింది. భర్త మేనేజరు. భార్య వచ్చినవాళ్ళని ఇంగ్లీషులో పలకరించాలి, గదులు సర్దించాలి, వంటిల్లు చూసుకోవాలి. పని ఇద్దరిదీ, ఉద్యోగం మాత్రం ఆయన ఒక్కడిదే. ఉన్న కొలువు ఊడగొట్టుకుని కూర్చున్న మనిషి, ఎగిరి గంతేశాడు. ఇక అంట్లు తోముతుంటే పాఠం, బట్టలు ఆరేస్తుంటే పాఠం.

"ఏ గదిలో దిగారని ఎలా అడుగుతావ్?"

"విచ్ రూమ్ ఆర్ యూ స్టేయింగ్?"

"ఇన్! చివర ఇన్ ఉండాలి! బుర్రలో ఏముందే నీకు, ఊకా?"

ఒళ్ళు మండిపోయేది ఆమెకి. అయినా నేర్చుకుంది, కసికొద్దీ నేర్చుకుంది. గిన్నెలు తోముతూ ఇన్, ఆన్, ఎట్ అని పళ్ళు నూరేది. ఆ కొండెక్కితే జన్మంతా ఇంతేనని ఆమెకి తెలుసు, ఇంటి చాకిరీకి తోడు ఊరి చాకిరీ.

ఇంటర్వ్యూలో యజమానురాలు ఆయన్ని పక్కన పెట్టి ఈమెనే అడిగింది. ఈమె గడగడా చెప్పేసింది, ఒక్క పొల్లు పోలేదు.

"అంతా నా ట్రైనింగేనండీ," అన్నాడాయన మీసం దువ్వుకుంటూ.

"ఆఖరి ప్రశ్న," అంది యజమానురాలు ఆమెతో. "ఆర్ యూ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ జాబ్?"

యెస్ మేడమ్ అనాలి. అదీ బట్టీ పట్టించాడు. ఆమె మొగుడి మొహంలోకి తాపీగా చూసింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ క్షణం!

"నో మేడమ్. ఐ యామ్ టైర్డ్ ఆఫ్ వర్కింగ్ ఫర్ హిమ్. ఐ యామ్ నాట్ గోయింగ్ విత్ హిమ్."

యజమానురాలు ఫైలు మూసేసింది. "మన్నించండి, మాకు ఇద్దరూ కావాలి," అంది ఆయనతో.

గేటు దాటగానే విరుచుకుపడ్డాడు. "కొంప ముంచావు కదే! చేతిదాకా వచ్చిన ఉద్యోగం! ఎవరితో పెట్టుకుంటున్నావో తెలుస్తోందా? నీ మొగుణ్ణే నేను!"

"ఆ ఉద్యోగం కూడా పోయింది మీకు," అంది ఆమె.