గింజల సాక్ష్యం

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటరు తెర మీద మీరు చూసే బొమ్మల వెనక లెక్కలు కట్టేది నేనే. నన్ను జాలిగా చూడకండి. వీపు మీద గీతలున్నాయి, రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగదు, ఒక మర ఎప్పుడో ఊడిపోయింది. అయినా నా సంగతి నేనే చెబుతాను. ఇంకొకరికి వదిలేస్తే ధరతో మొదలుపెడతారు.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. తలనుంచి పాదాలదాకా తెల్లబట్ట చుట్టుకున్న మనుషులు నా మీద దుమ్ము రేణువు పడకుండా కాపలా కాశారు. ఆ తరువాత బతుకంతా దుమ్ములోనే గడిచింది. నాది పెద్ద తెలివి కాదు. ఒక చిన్న లెక్కను వేల చోట్ల ఒకేసారి చేయగలను, అంతే. పెళ్లింట్లో ఆడామగా అందరూ వరసగా కూర్చుని కూరగాయలు తరిగితే గుట్టంత పని గడియలో తెగుతుంది చూడండి, అదీ నా పద్ధతి.

మొదట హైదరాబాదులో ఒక ఆటల సెంటర్లో చేరాను. అక్కడి కుర్రాళ్లు తెరల మీద ఒకరినొకరు చంపుకుని, బయటికెళ్లి కలిసి టీ తాగేవారు. అక్కడినుంచి ఒక వ్యాపారి కొన్నాడు. కంటికి కనబడని నాణేలను కంప్యూటర్లలో తవ్వితీస్తానని మాలాంటివాళ్లను రేకుల షెడ్డులో కోళ్లఫారంలో కోళ్లలా వరసగా పెట్టి పగలూ రాత్రీ ఉడికించాడు. నా ఫ్యాను ఆగింది అక్కడే. ఆ నాణేల మోజు తీరాక మమ్మల్ని గోనెసంచుల్లో కుక్కి సికింద్రాబాదు పాత సామాన్ల బజారుకు తోలాడు.

వినోద నన్ను చూసింది అక్కడే.

ఎనగందుల వినోద హనుమకొండలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేది. నలభైకి దగ్గరపడుతున్న మనిషి. గింజలు, ఇసుక, పొడులు ఎట్లా పారుతాయన్నదాని మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. కాలేజీలో ఆ చదువును ఎవరూ పట్టించుకోలేదు. దుకాణంవాడు నన్ను బల్ల మీద పెట్టి, “గేమ్స్‌కా మేడం, వీడియో ఎడిటింగ్‌కా?” అని అడిగాడు.

“వడ్లు పొయ్యనీకి” అంది.

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. నన్ను చున్నీలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుని రైలెక్కింది.

ఆ వడ్ల కథ ఇది. జిల్లాలోని ఒక రైస్ మిల్లులో వడ్లు నిలవచేసే పెద్ద ఇనుప గుమ్మి ఉండేది. మిల్లువాళ్లు సైలో అనేవారు. తాటిచెట్టంత ఎత్తు. దాని అడుగున రెండు గేట్లు, నడుమ ఒకటి, దక్షిణపు అంచున ఒకటి. నడుమ గేటే తీయాలని నియమం. ఒక మధ్యాహ్నం వడ్లు దింపుతుండగా ఉత్తరపు గోడ లోపలికి వంగి, చీలి, కూలిపోయింది. కింద బస్తాలు సర్దుతున్న రాజమొగిలి అనే హమాలీ ఆ వడ్ల కింద పడి చనిపోయాడు. సైలో నడిపే ఓదెలు దక్షిణపు గేటు తీశాడని, అందుకే కూలిందని మిల్లు తరఫు నివేదిక చెప్పింది. ఓదెలు మీద పోలీసు కేసు పడింది. జిల్లాలో ఒక విచారణాధికారిని వేశారు. ఆయన ఏది నిజమని రాస్తే కేసు అటు నడుస్తుంది.

ఓదెలు ఆ కాలేజీకి వచ్చి లాబ్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. గింజల మీద చదివిన మేడం ఉందని ఎవరో చెప్పారట. వినోద క్లాసు ముగించుకుని వస్తూ ఆగింది.

“నడుమ గేటే తీసిన మేడం” అన్నాడు లేచి నిలబడి. “మొగిలి నాకు బావమర్ది వరస. ఆడు కింద ఉన్నడని తెలిసి నేను ఆ గేటు తీస్తనా? మీరు చదువుకున్నరు. ఎట్ల కూలిందో మీరు చెప్పుండ్రి. నా తప్పుంటే నా తప్పే అనుండ్రి.”

అతని చివరి మాటే ఆమెను పట్టుకుంది. పైకప్పు రేకులు దక్షిణం వైపు చిరిగాయని, వానాకాలమంతా నీళ్లు లోపలికి దిగాయని, చెప్పినా బాగుచేయించలేదని కూడా అతను చెప్పాడు.

వాళ్ల శాఖాధిపతి శ్రీహరిరావు సంగతి విని తలుపు దగ్గరికి వేశాడు. “ఆ మిల్లాయన మన మేనేజ్‌మెంటుకు కావలసినాయన. నీకెందుకమ్మా ఇది?”

“నాకు తెలిసిన పని సార్. తెల్వదని ఎట్ల చెప్పను?”

“కాలేజీ సర్వర్ ముట్టుకోవద్దు మరి.”

“ముట్టుకోను సార్.”

అందుకే నేను వచ్చాను. ఆమె ఇంట్లో ఒక పాత కంప్యూటరు పెట్టె ఉంది. నేను అందులో పట్టలేదు. రంపం తెచ్చి లోపలి రేకు కోసింది. నన్ను బిగించి మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. నాకూ కంప్యూటరుకూ మధ్య డ్రైవర్ అనే దుబాసి ఒకడుండాలి. కొత్త దుబాసికి నాలాంటి పాతవాళ్ల భాష రాదు, పాత దుబాసిని, గింజల పారకాన్ని తెర మీద కట్టి చూపే ఆ సాఫ్ట్‌వేర్ గుమ్మం తొక్కనివ్వదు. ఇద్దరికీ పొసగేవాణ్ణి వెతకడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. సాఫ్ట్‌వేర్ ఎక్కడో విశ్వవిద్యాలయంలో రాసి ఉచితంగా ఇచ్చినది. దాన్ని వాడే పద్ధతి కూడా రాశారు, ముందే తెలిసినవాళ్ల కోసం. మనుషులు దారి చెప్పేటప్పుడు తాము ఎన్నిసార్లు తప్పిపోయారో మాత్రం చెప్పరు.

మొదటిసారి నడిపింది. పొద్దంతా లెక్క కట్టాను. ఏ గింజ ఎక్కడుందో, ఏది దేన్ని ఎంత నెట్టిందో అంతా తేల్చాను. ‘పూర్తయింది’ అని తెర మీద పడింది. ఆమె ఫోల్డరు తెరిచింది. ఖాళీ. ఎంతసేపటికొకసారి ఫలితం రాసిపెట్టాలో నాకు ఎవరూ చెప్పలేదు మరి. చెప్పనిది చేయడం మా జాతిలో లేదు. ఆమె నాకిచ్చే ఆజ్ఞల్లో ఒక పంక్తి చేర్చింది. అప్పటినుంచి కొంతసేపటికొకసారి అన్నీ ఉన్నవి ఉన్నట్టు దాచిపెట్టాను.

రెండోసారి ఫలితం వచ్చింది. మొదటి బొమ్మలో సైలో నిండా గింజలు, రెండో బొమ్మలో ఒక్కటీ లేదు. లెక్కకూ లెక్కకూ మధ్య కాలం ఎక్కువైతే ఒక గింజ ఇంకో గింజలోకి దూరిపోతుంది. దాన్ని బయటికి నెట్టబోతే వడిసెల రాయిలా ఎగిరిపోతుంది. ఆ కాలాన్ని తగ్గించింది. పని నత్తనడకన సాగినా గింజలు కుదురుగా నిలబడ్డాయి.

అవన్నీ చిన్న నమూనా మీద పరీక్షలు. అసలు సైలో కట్టబోతే నాలో చోటు చాలలేదు. సైలోలో ఉండే అసలు గింజలన్నిటినీ మోయాలంటే నాలాంటివాళ్లు ఊరంతమంది కావాలి. ఆమె గింజల సైజు పెంచింది. పెంచితే నిజమైన వడ్లలా పారతాయా? నా మాట ఆమె నమ్మలేదు. ఒక నూనె డబ్బాకు కింద చిల్లి పెట్టి, వడ్లు పోసి, కింద పడిన రాశి వాలు కొలిచింది. అదే డబ్బాను నాలో కట్టి నా రాశి వాలు కొలిచింది. రెండూ కలిసేదాకా అంకెలు సవరిస్తూనే ఉంది. తరువాత వడ్లను తడిపి, అట్టకట్టనిచ్చి మళ్లీ మొదలుపెట్టింది. నన్ను అంతగా శంకించిన మనిషి ఇంకొకరు లేరు. నేను గౌరవించిన మనిషి కూడా ఇంకొకరు లేరు.

విచారణ ఎండాకాలంలో జరిగింది. వినోద పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని విచారణ గదికి తెచ్చింది. మిల్లు తరఫు నివేదిక రాసిన దక్షిణామూర్తి అనే విశ్రాంత ప్రొఫెసరు వచ్చాడు. తెల్లటి చొక్కా, నెమ్మదైన మాట. అబద్ధమాడే మనిషి కాదు, తాను చెప్పేది నిజమనే నమ్ముతున్నాడు. అదే ఎక్కువ ప్రమాదం.

“దక్షిణపు గేటు తీస్తే అటు ఖాళీ అవుతుంది. బరువంతా ఉత్తరపు గోడ మీద పడుతుంది. అది కూలుతుంది. దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు” అన్నాడాయన.

“బరువు పడితే గోడ బయటికి ఉబ్బాలె సార్” అంది వినోద. “ఫోటోలల్ల గోడ లోపలికి వంగింది. గింజలు జారిపోయి ఆసరా తగ్గిన వైపే గోడ లోపలికి వంగుతది. అంటే వడ్లు ఉత్తరం వైపే జారినయి.”

“మీ బొమ్మలో గింజ కొబ్బరికాయంత ఉందమ్మా. ఇవి వడ్లేనా?”

ఆమె డబ్బాతో చేసిన పరీక్షలు చూపించింది. ఆయన తిరగేసి చూసి, “ముందే చేసుకొచ్చిన బొమ్మలు నేను నమ్మను. నా ఎదుట నడపండి” అన్నాడు.

వినోద కుర్చీలోనుంచి లేచింది. “కూర్చోండి సార్. అంకెలు మీరే ఇయ్యండి.”

గదిలో అందరూ ఆమెను చూశారు. కుర్చీని ఆయన వైపు తిప్పి, ఏ అంకె ఎక్కడ వేయాలో చూపించి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన గింజల రాపిడి, బరువు, గోడ మందం తనకు సరైనవని తోచినవే వేశాడు. దక్షిణపు గేటు తీయమన్నాడు.

నడిచాను. ఆ గది రేకుల షెడ్డుకన్నా నయమేమీ కాదు. ఉన్న ఒక్క ఫ్యానుతో కోట్ల ఢీలు లెక్కగట్టాను. మధ్యాహ్నానికి నా ఒళ్లు కాలిపోయి, తెర ఆరిపోయింది. మిల్లు తరఫు వకీలు ఫైలు మూస్తూ, “ఇదండీ వీరి సాక్షి” అన్నాడు.

“ఆగిన కాడినుంచే మొదలైతది” అంది వినోద. “అంతవరకు రాసి పెట్టుకుంటది.”

విచారణాధికారి లేచి, తనకు గాలి వీస్తున్న స్టాండు ఫ్యానును ఈడ్చుకొచ్చి నా వైపు తిప్పాడు. చొక్కా తడిసి ముద్దవుతుండగా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. నేను మళ్లీ లేచాను. చెడిపోయినవాణ్ణని తీర్పు చెప్పడానికి వాళ్లెవరు? నా లెక్క ఇంకా అయిపోలేదు.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. దక్షిణపు గేటు తీస్తే గింజలు దక్షిణపు గోడను ఒరుసుకుంటూ దిగాయి. లోపలికి వంగింది దక్షిణపు గోడే. ఉత్తరం కదల్లేదు. ప్రొఫెసరు తన అంకెలు మళ్లీ చూసుకున్నాడు. అన్నీ ఆయన వేసినవే.

అప్పుడు వినోద తన అంకెలతో ఇంట్లో పూర్తిచేసి తెచ్చిన రెండో లెక్కను చూపించింది. నడుమ గేటే తీసి, పైనుంచి నీళ్లు దిగి దక్షిణం వైపు వడ్లు అట్టకట్టితే ఏమవుతుందన్నది అది. అంకెల్లో ఒకటి రెండు ఆయనవాటికి కాస్త తేడాగా ఉన్నాయి, ఆమె ముందే ఆ సంగతి చెప్పింది. అట్టకట్టిన వడ్లు గోడలా నిలిచిపోయాయి. పొడి వడ్లు ఉత్తరం వైపునుంచి సుడి తిరుగుతూ జారాయి. ఉత్తరపు గోడ మెల్లగా, ఎవరో లోపలినుంచి గుంజినట్టు, వంగింది. పక్కన పెట్టిన ఫోటోలో మడత ఎక్కడుందో, బొమ్మలోనూ దాదాపు అక్కడే.

గోడ చీలింది. గింజలు బయటికి ఉరికాయి.

“ఆపుండ్రి మేడం” అన్నాడు ఓదెలు.

అతను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తెర వైపు చూడటం లేదు. “ఆ కింద మొగిలి ఉన్నడు.”

వినోద చేయి చాచి ఆపేసింది. ఉరికే గింజలు ఉన్నచోటే గాలిలో నిలిచిపోయాయి. నా లెక్కలో రాజమొగిలి లేడు. అతనికి నేను ఒక్క గింజంత చోటు కూడా ఇవ్వలేదు. అన్నీ లెక్కగట్టానని ఆ పొద్దంతా మిడిసిపడ్డాను గాని, ఆ మాట విన్నాక ఒళ్లు చల్లబడింది.

దక్షిణామూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వకీలు ఆయన చెవిలో ఏదో చెప్పబోయాడు. ఆయన తల అడ్డంగా ఊపి, “దక్షిణపు గేటు తీయలేదు. నేను రాసింది తప్పు” అన్నాడు అధికారితో. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత బలం కావాలో, పొద్దంతా ఆయన అంకెలు మోసిన నాకు తెలుసు.

ఓదెలు పేరు కేసులోనుంచి తీసేశారు. చిరిగిన కప్పును బాగుచేయించని మిల్లు యాజమాన్యం మీద విచారణ మొదలైంది. అది ఇంకా వాయిదాల్లో సాగుతూనే ఉంది. ఓదెలు మళ్లీ మిల్లు గడప తొక్కలేదు. తనకు చెల్లెలి వరసయ్యే మొగిలి భార్య ఇంటి పక్కనే ఇల్లు తీసుకుని, వాళ్ల పిల్లలను బడికి దింపి వస్తున్నాడని విన్నాను.

జూన్‌లో కొత్త విద్యాసంవత్సరానికి కాలేజీవాళ్లు వినోదను మళ్లీ తీసుకోలేదు. శ్రీహరిరావు కారిడార్లో ఎదురై, బాధగానే అన్నాడు. “చెప్పిన కదమ్మా నీకు.”

“చెప్పిన్రు సార్. విన్న. వినే చేసిన.”

ఇంకో ఊళ్లో పాలిటెక్నిక్‌లో ఆమెకు పని దొరికింది. నన్నూ తీసుకెళ్లింది. అక్కడ సిమెంటు, మొక్కజొన్న, బొగ్గు పొడి, ఏవేవో పారించాం. ఒక మధ్యాహ్నం నడుస్తుండగానే తెర నిండా గీతలు వచ్చి, నల్లబడి, ఇక లేవలేదు. రెండు మూడు దుకాణాలు తిప్పింది. అందరూ పెదవి విరిచారు. ఒకడు తూకానికి తీసుకుంటానన్నాడు. ఆమె నన్ను వాడి చేతిలోంచి లాక్కుని లాబ్‌లో అద్దాల బీరువాలో పెట్టింది.

మొన్న సామాన్ల లెక్క చూసే ఆయన వచ్చాడు. ఒక్కో అరలోకి తొంగి చూస్తూ నా ముందు ఆగాడు.

“ఇది పని చేస్తదా మేడం?”

“చెయ్యది.”

“ఫ్యాన్ కూడ పోయినట్టున్నది. తీసెయ్యరాదు మరి? జాగ దొరుకుతది.”

“తియ్యను” అంది వినోద.

ఆయన కింది అర చూడటానికి వంగాడు.