అడవికి గీసిన గీత

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆట ఇంకా బయటికి రాకముందే జనం దాని మీద జట్లు కట్టేశారు. రెండున్నర నిమిషాల వీడియో ఒకటి వదిలిన పాపానికి ఎనభై వేల మంది పేర్లు నమోదు చేసుకుని కూర్చున్నారు. ఆ వీడియోలో ఉన్నదల్లా ఒక కొండరాజ్యం, దాని చుట్టూ ఒక అడవి, ఆ అడవి వేళ్ళు పెకలించుకుని నడిచి రావడం. అంతమాత్రానికే ఆ అడవిని నడిపించే రాణి మంచిదా చెడ్డదా అని ఇంటర్నెట్టులో జుట్లు పట్టుకుంటున్నారు. ఒక పుణ్యాత్ముడైతే ఆటలో ఎలా గెలవాలో పద్నాలుగు పేజీల వ్యాసం రాసి పెట్టాడు, ఒక్కసారి కూడా ఆడకుండానే.

ఆ ఆటకు నియమాలు రాసినామెను ఆఫీసులో అందరూ సేనాని అంటారు. రోజూ రెండు సైన్యాలను కొట్టించి చంపించే ఈ మహాతల్లి బల్లి కనబడితే కుర్చీ ఎక్కుతుంది, అందుకని పెట్టిన పేరు అది. ఆట విషయంలో మాత్రం ఆమెకు బెరుకన్నది లేదు. ఆమె అల్లిన అడవి, గాలి ఎటు వీస్తోందో, నీరు ఎంత దూరంలో ఉందో, చెట్లు కిందటి వంతులో ఎక్కడ ఆగాయో చూసుకుని వంతుకు రెండు గడులు నడుస్తుంది. చెట్టు వచ్చి ఆగే గడిలో సైనికుడుంటే వాడూ చెట్టైపోతాడు, మరుసటి వంతు నుంచి తన వాళ్ళ మీదికే నడుస్తాడు. ఆటగాడికి వంతుకు మూడు కదలికలే. ఇలాంటి ఆట ఇంతవరకు రాలేదని సేనాని నమ్మకం. కాకి పిల్ల కాకికి ముద్దే అనుకోండి, కానీ ఈ కాకి తన పిల్లను మూడేళ్ళు పరీక్షించి మరీ ముద్దు చేసింది.

ఆ పరీక్షకు వాళ్ళకొక పద్ధతుంది. సేనాని నాన్న దర్జీ. నలభై ఏళ్ళు కుట్టాడు. చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం మూసేసి, గుడ్డలు కత్తిరించే బల్లను ఇంటికి తెచ్చుకున్నాడు. మూడో అంతస్తులో తండ్రీకూతుళ్ళున్న ఆ ఇంట్లో ముందుగదిని సగం ఆ బల్లే మింగేసింది. దాని మీద గడులు గీసిన గోధుమరంగు కాగితం పరిచి, గుండీలను సైనికులుగా, ఖాళీ దారపు రీళ్ళను చెట్లుగా పెట్టి ఆడతారు. ఏ కొత్త నియమమైనా ముందు ఆ బల్ల మీద నిలబడాలి. ఆ తర్వాతే ప్రోగ్రామరు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. అతను రోజుకు నాలుగు మాటలు మించి మాట్లాడడు కనక మౌని. బొమ్మలు వేసేవాడు బొమ్మలాయన. ఈ ముగ్గురూ ఆట నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే.

సోమవారం నాడు మొదటిసారి బయటివాళ్ళను నలభై మందిని పిలిచి ఆడించారు. ముప్ఫై ఆరుగురు ఆరో వంతులోపే ఓడిపోయారు. ఓడిపోతే ఓడిపోయారు, ఒక్కడంటే ఒక్కడు కూడా రెండో ఆట మొదలుపెట్టలేదు. ఫోన్లు చూసుకుంటూ లేచి వెళ్ళిపోయారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట ఐదొందలసార్లు గెలిచిన ఆట రచ్చకెక్కగానే బోర్లా పడింది.

స్టూడియో యజమానురాలు ఏ మాటకైనా ముందు తారీఖు చెబుతుంది. వెనకాల అందరూ ఆమెను గడియారం అంటారు. ఆ సాయంత్రం ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"నమూనా ఆట విడుదల వచ్చే గురువారం. ఈ శుక్రవారం ఇంకో నలభై మందిని పిలుస్తున్నాను. వాళ్ళలో సగం మందైనా రెండో ఆట మొదలుపెట్టాలి. లేదంటే అడవిని ఆపేద్దాం. చెట్లు చెట్లలాగే నిలబడతాయి, సైన్యాలు కొట్టుకుంటాయి."

"అడవి ఆగిపోతే ఇంకేం మిగిలింది మేడం? అలాంటి ఆటలు బజారులో వందున్నాయి," అంది సేనాని.

"ఉన్నాయి. వాటిని జనం ఆడుతున్నారు కూడా."

"పోనీ ఎక్కడ నిలబడితే బతుకుతారో తెర మీద ఒక మాట రాసేద్దామా?" అన్నాడు బొమ్మలాయన.

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడానికైతే నేనెందుకు? ఆటలో తప్పు లేదు. ఎక్కడో ఏదో జారిపోయింది. శుక్రవారంలోగా పట్టుకుంటాను."

అన్నంత ధీమాగానూ ఉంది ఆమె. కానీ మంగళవారమంతా అంకెలు మార్చింది. చెట్ల వేగం తగ్గించి చూసింది, కోటగోడ ఎత్తు పెంచి చూసింది. ముగ్గురూ ఆడితే ప్రతిసారీ బ్రహ్మాండంగా వచ్చింది. అదే ఆమెకు మింగుడు పడలేదు. తమకు ఇంత బాగున్నది బయటివాళ్ళకు ఎందుకు చేదైందో అంతుచిక్కలేదు.

బుధవారం పొద్దుగూకక ముందే ఇంటికొచ్చి, ల్యాప్‌టాప్ తెచ్చి నాన్న బల్ల మీద పెట్టింది.

"నువ్వోసారి దీని మీద ఆడు నాన్నా."

"తెర మీదా? గుండీ చేతిలో లేకపోతే నాకు బుర్ర పనిచెయ్యదమ్మా."

"నా కోసం."

మూడేళ్ళుగా ఆట అంతా ఆయన చేతుల మీదుగానే పెరిగింది గానీ, తెర మీద ఆయన ఒక్కసారి కూడా ఆడలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. మామూలు ఆటగాడేం కాదు, మూడు ఆటల్లో రెండు కూతురి అడవి మీద గెలుస్తాడు, గెలిచాక ఆ పూటంతా దెప్పుతాడు. మొదటి వంతులో విలుకాళ్ళను ఏటి ఒడ్డున నిలబెట్టాడు. చెట్టొకటి వచ్చి ఇద్దరిని మింగింది. రెండో వంతులో మిగిలినవాళ్ళను కాపాడబోయిన గుర్రపు దళాన్ని ఇంకో చెట్టు మింగింది. ఆరో వంతుకు కోట తలుపు దగ్గర అడవి నిలబడి ఉంది. ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది మన ఆట కాదు."

"మనదే నాన్నా. ఒక్క గడి కూడా మారలేదు. నేను పుస్తకంలో రాసింది రాసినట్టు మౌని దించాడు."

"మరి గీతలేవి?"

"ఏ గీతలు?"

"ఏ గీతలేంటే! నేను గీసే గీతలు."

సేనాని బల్ల వైపు చూసింది.

బల్ల మీద నలభై రీళ్ళుంటాయి. ఏ రీలు ఎటు నడవాలో లెక్క మధ్యలో తప్పిపోతుందని, నాన్న ప్రతి వంతుకూ ముందే సుద్దతో ఒక్కో రీలు దగ్గర నుంచి అది వెళ్ళబోయే గడి దాకా గీత గీస్తాడు. ఆ తర్వాతే గుండీలు కదుపుతారు. ఆఖర్న రీళ్ళను గీతల వెంట జరిపి, గుడ్డతో తుడిచేస్తాడు. మూడేళ్ళుగా ఆ బల్ల మీద గీత లేకుండా ఒక్క వంతు కూడా నడవలేదు. సేనాని రాసిన ముప్ఫై ఒక్క పేజీల నియమాల పుస్తకంలో మాత్రం సుద్ద అన్న మాటే లేదు.

"అది నీ అలవాటు కదా నాన్నా. రూలని అనుకోలేదు."

"గీత గీయకుండా గుడ్డకు కత్తెర పెట్టేవాణ్ణి దర్జీ అనరు, దొంగ అంటారు. నీ అడవి చెప్పాపెట్టకుండా వచ్చి నా విలుకాళ్ళను కోసేసింది. నేను కదిపినా పోతారు, కదపకపోయినా పోతారు. అలాంటప్పుడు ఇంకోసారి ఎందుకు ఆడాలి?"

సేనానికి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. ఆఫీసులో తమలో ఎవరికీ ఇది కనబడకపోవడంలో వింతేం లేదు. అడవి నడక ముగ్గురికీ నోటికొచ్చేసింది. తెర మీద గీత లేకపోయినా వాళ్ళ కళ్ళకు గీత కనబడుతూనే ఉంది. పాపం, ఆ నలభై మంది కళ్ళకు గంతలు కట్టుకుని యుద్ధం చేశారు.

"ఇక్కడ గీసి చూపించు నాన్నా. ఇప్పుడు నువ్వు ఓడిపోయావే, సరిగ్గా ఆ వంతు."

ఆయన సణుగుతూనే రీళ్ళు సర్ది గీశాడు. సుద్ద పట్టిన వేళ్ళు సన్నగా వణికాయి. ఆయన తుడవబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, కాగితాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసింది.

గురువారం పొద్దున్నే గడియారానికి సంగతి చెప్పింది. గడియారం ముఖం చిట్లించింది.

"శత్రువు తానెక్కడికి వస్తున్నాడో ముందే చెప్పి వస్తే అది యుద్ధమా, శుభలేఖా? మొన్న అరటిపండు ఒలవనని నువ్వే అన్నావు."

"ఇప్పుడూ ఒలవను మేడం. అడవి ఎక్కడ అడుగేస్తుందో చూపిస్తాం. మీరెక్కడ నిలబడాలో చెప్పం. తొమ్మిది చెట్లు మీ మీదికి వస్తున్నట్టు కళ్ళెదురుగా కనబడుతుంది, మీకు ఉన్నవి మూడే కదలికలు. ఎవరిని వదిలేస్తారో మీరే తేల్చుకోవాలి. అప్పుడు వేస్తుంది భయం."

గడియారం మౌని వైపు చూసింది.

"ఎన్ని రోజులు?"

"మధ్యాహ్నానికి," అన్నాడు మౌని. ఆ వెంటనే ఆ రోజు మాటల కోటా అంతా ఒకేసారి ఖర్చు చేశాడు. "అడవికి ముందే తెలుసు. మనమే దాచాం."

అన్నట్టే మధ్యాహ్నానికి గీతలొచ్చాయి. బొమ్మలాయన వాటిని స్కేలు పెట్టినట్టు తిన్నగా, నీలంగా మెరిసేలా వేశాడు. చూడటానికి కరెంటు తీగల్లా ఉన్నాయి. సేనాని ఫోన్లో నాన్న గీతల ఫోటో తెరిచి బొమ్మలాయన ముందు పెట్టింది. ఆయన అది చూసి, వేసినవన్నీ చెరిపేశాడు. తెల్లటి సుద్ద పొడి, మధ్యలో చిన్న వణుకు, చివర కొద్దిగా వంపు, ఉన్నదున్నట్టు దించాడు.

శుక్రవారం నలభై మంది వచ్చారు. సేనాని గోడకు ఆనుకుని నిలబడింది. మొదటి గీతలు నేల మీద పడగానే గదిలో గుసగుసలు ఆగిపోయాయి. ఒకావిడ మౌసు మీద చెయ్యి పెట్టి కదపకుండా అలాగే కూర్చుండిపోయింది, పెదవులు మాత్రం ఏవో లెక్కలు కడుతున్నాయి. పదో వంతులో ఒక బట్టతలాయన కోట పడిపోయింది. ఆయన నుదురు ఠప్పున కొట్టుకున్నాడు.

"గీత చూసి కూడా పోయి నిలబడ్డానండీ! బుద్ధి ఉందా నాకు?" అని ఎవరినో అడిగి, జవాబు కోసం ఆగకుండా రెండో ఆట మొదలుపెట్టాడు.

రెండో ఆట మొదలుపెట్టినవాళ్ళను సేనాని లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్ఫై మూడు దగ్గర ఆపేసింది. ఇక అవసరం లేకపోయింది. ఫలితం చెబుదామని గడియారం కోసం చూస్తే ఆమె మూలనున్న ఖాళీ కంప్యూటరు దగ్గర వంగి కూర్చుని ఉంది. రెండు నిమిషాలు చూస్తానని కూర్చున్న మనిషి గంటన్నర నుంచి లేవలేదట. మూడు గంటల మీటింగుకు మూడున్నరకు కూడా వెళ్ళలేదు.

"మేడం, ముప్ఫై మూడు."

"ఉండు, ఉండు. ఈ గుర్రాలను వదిలేస్తే కోట దక్కుతుంది కదూ?" తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి ఊపింది. "అడవి నడుస్తుంది. నువ్వెళ్ళు."

విడుదల రోజు పొద్దున సేనాని నాన్నను ఆఫీసుకు తీసుకొచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కళ్ళజోడు పెట్టుకుని, పరాయి దుకాణానికి వచ్చిన దర్జీలా అందరి చొక్కా కాలర్లూ చూస్తూ వచ్చాడు. పది గంటలకు ఆట జనంలోకి వెళ్ళింది. అరగంట తిరక్కుండానే ఆడినవాళ్ళు రాసిన మాటలు రావడం మొదలైంది. సేనాని ఒకటి పైకి చదివింది.

"పదకొండో వంతులో ఓడిపోయాను. అడవి చెప్పే వచ్చింది. తప్పు నాదే. మళ్ళీ మొదలుపెడుతున్నాను."

"తప్పు తనదేనన్నాడా?" నాన్న నమ్మలేదు. "నలభై ఏళ్ళలో ఒక్క కస్టమరూ నాతో ఆ మాట అనలేదే!"

అందరూ నవ్వారు. అప్పుడు ఆయన చూపు గోడ మీది పెద్ద తెర మీద పడింది. ఆటలో చెట్ల ముందు తెల్లటి గీతలు ఒక్కొక్కటే సాగుతున్నాయి. ఆయన నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఇది నా గీత."

"అవును నాన్నా."

"వంకరగా ఉందే. ఎనభై వేల మందికి నా వణుకు చూపిస్తావా? దుకాణం మూసుకున్నదే దీని వల్ల. కాగితం ఉందా? తిన్నగా గీసిస్తాను, అది పెట్టుకోండి."

వద్దని ఎవరన్నా వినేలా లేడు. బొమ్మలాయన కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆయన జేబులోంచి సుద్ద తీశాడు. అది ఎప్పుడూ ఆ జేబులోనే ఉంటుందని సేనానికి తెలుసు. ఊపిరి బిగబట్టి, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా గీశాడు. కాగితం ఎత్తి తెర పక్కన పెట్టి చూశాడు. మధ్యలో అదే వణుకు. చివర అదే వంపు.

నాన్న ఇటు కాగితాన్నీ అటు తెరనూ రెండుమూడుసార్లు మార్చి మార్చి చూశాడు.

"ఈ గీత చూసుకుని బతికి బయటపడుతున్నారా వాళ్ళు?" అని అడిగాడు చివరికి.

"దాన్ని చూసుకునే నాన్నా."

"అయితే ఉండనీ. నాదే కదా." కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, సుద్ద జేబులో వేసుకుని, కుర్చీ లాక్కున్నాడు. "జరుగమ్మా. ఆ రోజు గీతలు దాచి గెలిచావు. ఇప్పుడు చూద్దాం నీ అడవి సంగతి."